లిఫ్టు గుంతల పెంటయ్య

ఖాజాగూడ గుట్టల వెనక ఒక టవరున్నది. సగం కట్టి ఇడిసిపెట్టిండ్రు. చీకటి పడ్డంక దాని ముంగట క్యాబోళ్ళు ఆపరు, ఆటోవాళ్ళు డబల్ కిరాయి ఇస్తమన్నా ఆ గల్లీల అడుగు పెట్టరు. ఫుడ్ డెలివరీ పిల్లలు సుత చెరువు దిక్కు నుంచి చుట్టు తిరిగి పోతరు. ఏందయ్యా అంటే — అక్కడ కాళ్ళు పట్టుకుంటదట.

అవును, కాళ్ళే. మెడ కాదు, జుట్టు కాదు. లోపలికి పోయినోనికి కిందికెల్లి రెండు చేతులొచ్చి మోకాళ్ళ కాడ గట్టిగ పట్టుకుంటయట... ఇడిసిపెట్టవట.

ఈ మాట వినంగనే నాకు ఒళ్ళు మండుతది. వీళ్ళు దెయ్యమని చెప్పుకునేటోణ్ణి నేనెరుగుదును. వాని పేరు పెంటయ్య, పాలమూరు మేస్త్రి. ఇప్పుడంటే మాదాపూర్ల ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్న గని, అప్పట్ల ఆ టవరు కాడ కూలోళ్ళకు మెస్సు నడిపింది నేనే. కిష్టమ్మ మెస్సు అంటే అందరెరుగుదురు. పెంటయ్యకు నేను చేసే పచ్చిపులుసంటే పానం. "ఇంకో గంటె పొయ్యక్కా" అని గిన్నె ముంగటికి జరిపేటోడు. తిన్నంక అందరు ప్లేట్లు అక్కడ్నే పడేసి పోతే, వాడొక్కడే గిన్నె కడిగి, బోర్లించి పోయేటోడు. ఎన్నడు చెప్పిచ్చుకోలే.

లిఫ్టు కోసం పైకెల్లి కింది దాకా ఇడిసిన గుంత ఉంటది చూడండ్రి... దానికి అడ్డంగ ఇనుప జాలి కట్టుమని కూలోళ్ళు అడగని రోజు లేదు. కట్టలే. జాలికి పైసలు దండగని కాంట్రాక్టరు లెక్క. ఒకనాడు పెంటయ్య కాలు జారింది. పడంగ పడంగ ఒక ఇనుప సువ్వ చేతికి దొరికితే పట్టుకొని యాలాడిండు. కింద కాళ్ళు పట్టుకోండ్రి — అని మొత్తుకున్నడు. కింది అంతస్తుల ఉన్నోళ్ళు చెయ్యి చాపితే అందేటంత దూరమే. సూపర్‌వైజరు అడ్డం నిలబడ్డడు. ఎవ్వరు ముట్టొద్దు, ఏమన్నయితే నా మీదికొస్తది, తాడు తెప్పిస్త అన్నడు. తాడొచ్చింది. అప్పటికి సువ్వ మీద ఎవ్వరు లేరు.

ఇగ తర్వాత కేసు, పని బంద్, టవరు అట్లనే మొండిగ నిలబడ్డది. చెయ్యి అడ్డం పెట్టినోడు ఇంకో సైటుల మంచిగ నౌకరి చేసుకుంటుండు. పానం పోయినోడేమో దెయ్యమయిండు. ఇది మన న్యాయం.

సరే, అసలు సంగతికొస్త. ఇది నాకు చెప్పింది మా హాస్టల్ల ఉండే రోహిణి. కొంత క్యాబు డ్రైవర్ రవీందర్ చెప్పిండు. కడమది... ఎవరు చెప్పిండ్రో మీరే వింటరు.

రోహిణిది మెదక్ దిక్కు. సాఫ్ట్‌వేర్ టెస్టరు — అంటే ఒకరు చేసిన పనిల తప్పులు పట్టుడు ఆమె నౌకరి. మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. ఎందుకో నాక్కూడా శాన దినాలు తెలువలే. ఒకనాడు టీవీల ఉరిశిక్ష ముచ్చట వస్తుంటే కంచం ముంగట్నుంచి లేచి పోయింది. వెనకాల్నే పోయి అడిగితే గప్పుడు చెప్పింది. ఆమె తమ్ముడు రాజు జైల్ల ఉన్నడు. ఉరి పడ్డది.

తప్పు చేయలేదని నేనంటలేను. దొంగతనానికి పోయి ఇద్దరు ముసలోళ్ళ పానాలు తీసిండు. ఆ పాపం వానిదే. రోహిణి కూడా ఎన్నడు కాదనలే. క్షమాభిక్ష అర్జీ వాపసొచ్చింది. మిగిలింది ఒక్కటే దారం — వాళ్ళ వకీలమ్మ హర్షిణి పెద్ద కోర్టుల ఏసిన కేసు. అది శిక్ష తీసెయ్యమని కాదు. ఉరి పద్ధతి మీద. తాడు పొడుగు జర తక్కువైతే మెడ ఇరగదు, మనిషి ఊపిరాడక కొట్టుకొని కొట్టుకొని పోతడు. జర ఎక్కువైతే తలే తెగుతది. మనిషిని చంపే హక్కు ఉన్నదంటున్నరు సరే, గింత చిత్రహింస పెట్టే హక్కు ఎవరిచ్చిండ్రు అని కేసు. ఆ కేసు నడిచినన్ని దినాలు రాజును ముట్టరు. అది పోయిందంటే... అంతే.

కోర్టు సర్కారును అడిగింది, ఉరి సులువైన సావు అంటున్నరు గదా, చూపియ్యండ్రి అని. చూపిస్తం అని సర్కారు తరఫువాళ్ళు వాయిదా తీసుకున్నరు.

గా వాయిదా దగ్గర పడ్డప్పుడే, జైలోళ్ళు రాజు ములాఖత్ బంద్ పెట్టిండ్రు. ఫోన్ చేస్తే ఎత్తరు. వకీలమ్మకు కూడా జవాబు లేదు. కేసు నడుస్తుంటే ఏం చేయరు అని ఆమె ధైర్యం చెప్తనే ఉన్నది గని, రోహిణి మనసుల ఒక్కటే పురుగు తొలుస్తున్నది... ఎవరికీ చెప్పకుంట ఉరి వేసేసిండ్రా?

ఒక రాత్రి పెద్ద వాన. ఆఫీసు నుంచి వస్తుంటే పెద్ద రోడ్డంత నీళ్ళు. పోలీసులు బండ్లను గుట్టల దిక్కు మళ్ళిచ్చిండ్రు. రవీందర్ వద్దు వద్దనుకుంటనే ఆ గల్లీల దూరిచ్చిండు. సరిగ్గ టవరు ముంగట ఇంజన్ల నీళ్ళు పోయి బండి ఆగింది.

లైట్లు లేవు. వాన చప్పుడొక్కటే.

గప్పుడు... లోపల్నుంచి — ధబ్.

రవీందర్ స్టీరింగు పట్టుకొని కండ్లు మూసుకున్నడు. రోహిణి అద్దం దించి చూసింది. కింది అంతస్తుల ఏదో మసక ఎలుగు. ఆ ఎలుగుల... లిఫ్టు గుంతల... ఒక మనిషి యాలాడుతుండు. తెల్ల బట్టలు. మొఖం మీంచి మెడ దాకా నల్ల గుడ్డ. మెల్లగ ఇటు తిరుగుతుండు... అటు తిరుగుతుండు.

ఎత్తు రాజు ఎత్తే. ఒడ్డు రాజు ఒడ్డే.

ఆమె డోరు తీసింది. రవీందర్ చున్నీ పట్టుకొని గుసగుసగ అన్నడు, "వద్దు మేడమ్... అది కాళ్ళు పట్టుకుంటది."

ఆమె ఇడిపిచ్చుకొని పోయింది. తర్వాత నాకు చెప్పింది, భయం కాలేదా బిడ్డా అంటే — అయింది ఆంటీ, దెయ్యమని కాదు, ఆలస్యమయిందేమో అని భయమయింది, అన్నది.

మోకాళ్ళ లోతు నీళ్ళల్ల గుంతలకు దిగింది. పైన యాలాడుతున్న కాళ్ళను రెండు చేతుల పొదివి పట్టుకొని, ఉన్న బలమంత పెట్టి పైకి లేపింది. మెడ మీద బరువు పడకుంట. భుజం ఆనిచ్చి నిలబడ్డది.

"రాజూ... నేను పట్టుకున్న. ఊపిరి తీస్కో."

అట్ల ఎంతసేపు నిలబడ్డదో ఆమెకే తెలువదు. వాని కాళ్ళు సల్లగ ఉన్నయి. ఊపిరి లేదు. ఇసుక మాత్రం సన్నగ రాలి ఆమె మెడ మీద పడుతున్నది...

టార్చిలైట్లు పడ్డయి. నలుగురు మనుషులు ఉరికొచ్చిండ్రు. మెడలల్ల ఐడీ కార్డులు, చేతులల్ల ల్యాప్‌టాపులు. ఒక పిల్లగాడు ఆమెను మెల్లగ పక్కకు జరిపిండు. దినేష్ అని, అనంతపురం పిల్లగాడు.

"మేడం... అది బొమ్మ. ఇసుక పోసినాం. మనిషి కాదు మేడం."

ఇగో, ఇదీ సంగతి. మాదాపూర్ల ఏదో చిన్న కంపెనీ. సర్కారు తరఫున కోర్టుల చూపెట్టనీకి ఈ పని ఒప్పుకున్నరు. జైల్ల ఎప్పట్నుంచో ఉరికి ముందు ఇసుక బస్తా కట్టి తాడును చూస్తరు గదా, వీళ్ళు బస్తాకు బట్టలు తొడిగి, మెడల మీటర్లు పెట్టిండ్రు. బొమ్మ ఎత్తు, బరువు ఎవరివనుకున్నరు? కేసేసినోనివే. జైలోళ్ళు రాజును నిలబెట్టి కొలిచి పంపిన కొలతలు. ములాఖత్ బంద్ పెట్టింది అందుకే. లోతైన గుంత కావాలె, ఎవ్వరు రాని జాగ కావాలె అని ఈ టవరు దేవులాడుకున్నరు. దెయ్యం పేరు చెప్తే వాచ్‌మెన్ ఖర్చు కూడా లేదాయె.

నేనైతే అక్కడ్నే చెప్పు తీద్దును. రోహిణి తీయలే. ఒంటి మీది నీళ్ళు తుడుచుకొని, ఆమె నౌకరిల ఆమె రోజూ అడిగే మాటే అడిగింది. ఫెయిల్ అయినవి ఏం చేస్తున్నరు, అని.

దినేష్ తల దించుకున్నడు. ముడి పక్కకు జరిగినవి, మెడ ఇరగనివి ఉన్నయట. అవి సెటప్ తప్పులంట. లెక్కల నుంచి తీసేసి మళ్ళ చేస్తరట. పాస్ అయినవే మిగులుతయి. అందుకే అన్నీ పాసే.

"మా తమ్ముణ్ణి కూడా తీసేసి మళ్ళ చేస్తరా?" అన్నది రోహిణి.

ఆమె నడుచుకుంట బయటికొచ్చింది.

ఈ ముచ్చట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలే. దెయ్యమే అయితే మంచిగుండు అనిపించింది. దెయ్యానికి నిమ్మకాయలు కట్టొచ్చు. చదువుకొని, టై కట్టుకొని, సావును పాస్ చేపిచ్చేటోళ్ళకు ఏం కట్టాలె? బస్తాకు నొప్పి లేసిందా అని మీటరు పెట్టి అడుగుతరట, అది లేదన్నదని కోర్టుకు చెప్తరట. థూ.

రోహిణి చెప్పిన మాటనే వకీలు హర్షిణమ్మ పోయి కోర్టుల అడిగింది. ఫెయిల్ అయినవి చూపియ్యుమన్నది. అవతలి వకీలు కోటు సదురుకుంట, అసొంటివి ఒక్కటి లేవన్నడు. అయితే మొదటి నుంచి మళ్ళ చేసి, మొత్తం తీసుకరండ్రి అని కోర్టు ఇంకో వాయిదా ఇచ్చింది. ఇదే ఆఖరుదని కూడా అన్నది.

ఆ వాయిదా ఇంకా ఉండంగనే, ఒక సాయంత్రం దినేష్ మా హాస్టల్ గేటు కాడికొచ్చిండు. రోహిణి ఉందా అన్నడు. మగోళ్ళకు లోపల పర్మిషన్ లేదు, నాకు చెప్పు అన్న. అరుగు మీద కూసోని, అటు ఇటు చూసి, గొంతు తగ్గిచ్చిండు.

"ఆంటీ... ఆ మేడం బొమ్మను పట్టుకున్న రోజు నుంచి ఒక్కటీ సరిగ్గా వస్తాండ్లేదు."

తాడు మార్చిండ్రట. మీటర్లు మార్చిండ్రట. బొమ్మనే కొత్తది కుట్టిచ్చిండ్రట. పై నుంచి ఇడుస్తరు, బొమ్మ పడుతది, తాడు చివరికొచ్చే టైముకు... బరువు మాయమైతది. మెడ మీద సున్నా. బొమ్మ తాడుకు యాలాడుతనే ఉంటది గని, తాడు వదులుగ ఉంటది. కెమెరాల చూస్తే ఎవ్వరు లేరు. దించి చూస్తే మాత్రం... మోకాళ్ళ కాడ ప్యాంటు ముడతలు పడి ఉంటదట. రెండు చేతులతోని పొదివి పట్టుకున్నట్టు.

"ఎవరో కింద నిలబడి ఎత్తి పట్టుకున్నట్టే ఉంది ఆంటీ. ఎవరు?"

నా చేతుల చాట ఉండె. చాటల బియ్యం ఉండె. రెండు నేల మీద పడ్డయి.

కాళ్ళు పట్టుకుంటది, కాళ్ళు పట్టుకుంటది అని ఊరంత భయపడ్డది గని... ఎందుకు పట్టుకుంటదో ఒక్కడన్న ఆలోచన చేసిండా? ఒక్కడన్న?

కండ్లు తుడుచుకొని దినేష్‌ను అడిగిన. ఇవి కూడా లెక్కల నుంచి తీసేసిండ్రా అని. తీసెయ్యుమంటుండ్రట పైనోళ్ళు. సెటప్ తప్పని రాయుమంటుండ్రట.

"తీసేస్తే ఇంకేం మిగలదు ఆంటీ" అన్నడు పిల్లగాడు.

అయితే ఒక్కటి తీసెయ్యకుంట రాయి బిడ్డా అన్న. మొదట్ల మెడ ఇరగనివి కూడా రాయి. నౌకరి పోతదని నీకు భయముంటది, నాకెరుకే. ఆ టవరుల ఒకాయన చెయ్యి చాపనియ్యలే, నా మీదికొస్తదన్నడు. నువ్వు వాని లెక్కల కలుస్తవా, చూసుకో. ఇంతకన్న నేను చెప్పేది లేదు. వాడు లేచిండు.

ఆగుమన్న. లోపలికి పోయి చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి కాల్చి ఏసి, పచ్చిపులుసు చేసిన. నా పాత మెస్సు గిన్నె అటుక మీద ఉంటే దించి, దాంట్ల పోసి, మూత పెట్టి ఇచ్చిన. టవరు కాడికి పొయ్యి గుంత అంచున పెట్టు, వెనక్కి చూడకుంట రా అన్న. ఎవరికి అని అడుగుతనే ఉన్నడు. చెప్పలే.

తెల్లారి సాయంత్రం ఫోన్ చేసిండు.

మొత్తం పంపేసిండట. ఒక్కటి తీసెయ్యలే. అవతలి వకీలుకు, ఇవతలి వకీలమ్మకు, ఇద్దరికీ పోయిందట. కంపెనీవాళ్ళు వాని ఐడీ కార్డు గుంజుకున్నరు. ఇంకో టీమును పెట్టిండ్రు. కొత్త తాడు తెప్పిస్తుండ్రు, రేపు మళ్ళ వేస్తరట, ఈసారి ఎట్లన్న పాస్ చేసి తీర్తరట.

ఇగ ఫోన్ పెట్టేస్తడేమో అనుకున్న. పెట్టలే.

"ఆంటీ... నా బ్యాగు తెచ్చుకుందామని టవరు కాడికి పోయినా. మీ గిన్నె..."

"ఆఁ?"

"కడిగి... బోర్లించి ఉంది ఆంటీ."

మళ్ళ వాడే అడిగిండు, వాళ్ళు రేపు కొత్త తాడుతోని వస్తాండారు, ఇప్పుడెట్లా అని.

"రానియ్యి. వేసుకోనియ్యి" అన్న.