గచ్చకాయల్లో అక్క వంతు

జర్మనీలోని బ్రెమెన్‌లో డిసెంబరంటే సాయంత్రం నాలుగున్నరకే దీపాలు పెట్టుకోవాలి. అందులోనూ అది కరోనా డిసెంబరు. దుకాణాలు మూత, యూనివర్సిటీ మూత, చదువుకోడానికి వచ్చిన చంద్రికకైతే గది తలుపు కూడా మూతే. పాజిటివ్ వచ్చింది మరి! జ్వరం దిగడం లేదు, మెట్లెక్కినట్టు ఆయాసం.

"చంద్రికా, పప్పుచారు గుమ్మంలో పెట్టాను, తినవే తల్లీ," అంది తలుపవతల నుంచి ఉదయశ్రీ. పక్కగదిలో ఉండే పిల్ల. "గిన్నె మాత్రం నువ్వే కడుక్కో. నేను చచ్చినా ముట్టను."

"ఈసారైనా ఉప్పేశావా?"

"నీకు రుచీ లేదు, వాసనా లేదు. వేస్తే ఎంత, వెయ్యకపోతే ఎంత!"

చంద్రిక నవ్వుకుంటూ నాలుగు ముద్దలు తిని, నేలమీద చతికిలబడి గచ్చకాయలు తీసింది. బాపట్ల దగ్గర సముద్రపొడ్డున ఇసకదిబ్బల మీద అల్లుకుపోయే గచ్చపొదను చూసినవాళ్ళకి తెలుసు, కొమ్మకీ ముల్లే, కాయకీ ముల్లే. అందులో చెయ్యి పెట్టి, మోచేతి దాకా గీరుకుపోయినా, బూడిదరంగు గింజలు ఐదు ఏరి తెచ్చింది అక్క సుభద్ర. చెల్లెలు అడిగిందని! ఆ అక్క ఆగస్టులో కరోనాకే పోయింది. విమానాలు లేవు. చంద్రిక చూసిందల్లా ఫోన్‌లో ఒక ప్లాస్టిక్ మూట.

ఒక గింజ పైకెగరేసి, అది పడేలోగా కిందవి ఏరుకుని, దాన్నీ పట్టుకోవాలి. జారితే ఓడినట్టు. గెలిచినవాళ్ళు గింజని గచ్చుమీద బరబరా రుద్ది, ఓడినవాళ్ళ చేతికి చురక పెడతారు. చిన్నప్పుడు చురకలన్నీ అక్కకే. చెల్లెలు చెయ్యి కాలకూడదని కావాలనే జారవిడిచేది, మహాతల్లి.

చంద్రిక తన ఆట ఆడింది. గింజలు పరిచి, అలవాటుకొద్దీ పైకే అనేసింది.

"అక్కా, నీ వంతు."

గింజలు ఒకదాని వెంట ఒకటి దొర్లుకుంటూ మంచం కిందికి పోయాయి.

నేల వాలుగా ఉందేమో అనుకుంది. అంతలో గుప్పుమంది... తడి ఇసక, ఉప్పుగాలి. వాసనే తెలియని ముక్కుకి!

మంచం కింద చీకట్లో గింజ ఎగిరిన చప్పుడు. కింద పడిన చప్పుడు.

"ఓడిపోయాను బుజ్జీ..."

అక్క గొంతే! చంద్రిక లేచి పరుగెత్తలేదు. ఏడుస్తూ మంచం దగ్గరికి జరిగింది.

"అక్కా... ఎలా ఉన్నావే?"

"చురక పెట్టేసి పడుకో. పొద్దున్నకి జ్వరం తగ్గిపోతుంది."

మంచం కింద నుంచి ఒక చెయ్యి వచ్చింది. అరచెయ్యంతా గుండ్రటి కాలిన మచ్చలు. పాతవి కావు... పచ్చిగా ఉన్నాయి. వెనకే గింజలూ దొర్లుకుంటూ వచ్చాయి.

చంద్రిక గింజలు తనవైపు లాక్కుంది. "ఇంక చాలక్కా. ఈసారి నేను ఓడతాను."

గింజ ఎగరేసింది. కావాలనే పట్టుకోలేదు.

గింజ నేలమీద పడింది.

"ఎంత పని చేశావే పిచ్చిదానా! నీ బదులే కదే నేను ఓడుతున్నాను..."

చల్లటి చేతులు రెండూ వచ్చి చంద్రిక చేతిని గట్టిగా కప్పేశాయి.

"చిన్నది... తెలీక ఆడింది... వదిలెయ్యండి..." అక్క బతిమాలుతోంది. చంద్రికని కాదు.

అక్క రెండు చేతులూ ఇక్కడే ఉన్నాయి.

మంచం కింద, ఇంకా లోపల, గోడవైపు నుంచి... బర... బర... బర... తీరిగ్గా ఎవరో గింజ రుద్దుతున్నారు.