ఈ గది నీది

పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టి నాగేశ్వరయ్య పెళ్లాం ముఖంలోకి చూశాడు. అంతటితో ఆగలేదు, మాట్లాడాడు కూడా.

"మీ అమ్మను చూసి శానా దినాలాయె గదా. గోరంట్లకు పోయి నాలుగు దినాలు ఉండి రాపో. ఎనిమిది గంటల బస్సుండాది."

కన్యకమ్మ చేతిలో చెంబు జారబోయింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది తొమ్మిదేళ్ల పిల్లగా తాళి కట్టించుకుని పామిడి పక్కనున్న ఈ ఊరికొచ్చింది. ఇప్పుడు 1952. ఇన్నేళ్లలో పుట్టింటికి పొమ్మని మొగుడు నోరు తెరవడం ఇదే మొదలు. ఒంటి నిండా బంగారం పెట్టాడు గానీ ఒక్క పలకరింపు పెట్టలేదు. పిల్లలు పుట్టకపోతే అదీ ఆమె తప్పేనన్నాడు.

ఒక్కటి మాత్రం ఉంది. రెండో యుద్ధం నడుస్తున్నప్పుడు నడిమి గదికి కొన్నాళ్లు తాళం వేసి, లోపల కొత్త బండలు పరిపించి "ఈ గది నీది" అన్నాడు. ఆ మూడు మాటల మీద ఆమె తొమ్మిదేళ్లు బతికింది. లోపలెక్కడో ప్రేమ ఉందనుకుంది. ఆడదాన్ని అంత చవగ్గా బతికించవచ్చు మరి.

పనిమనిషి సుంకమ్మ మూట నెత్తిన పెట్టుకుని వెంట నడిచింది. మూడేళ్లుగా వాన లేదు. రోడ్డు పొడవునా జనం సత్తు గిన్నెలు పట్టుకుని గంజి కేంద్రానికి పోతున్నారు.

"నీ కూతురు యాడే?"

"గంజికి పోయిందమ్మా. గంజి యాడిది, నీళ్లే! మొగం చూసుకోని బొట్టు పెట్టుకోవచ్చు దాంట్లో."

గంటసేపు నిలబడ్డా బస్సు రాలేదు. చెడిపోయిందని ఎవరో చెబితే వెనక్కి తిరిగారు. వీధి తలుపుకు లోపల గడియ పెట్టి ఉంది. పెరటి దారిన వెళ్లారు.

నడిమి గదిలో ఆమె మంచం గోడకు తోసేసి ఉంది. రెండు బండలు పైకి లేచి ఉన్నాయి. కింద బావి లాంటి నల్లటి గొయ్యి. గింజలు దాచే పాతర! జీతగాడు హనుమంతప్ప బండలు లేపిన ఇనప గడారి పట్టుకుని నిలబడ్డాడు.

"ఏముండాదప్పా దాంట్లో?"

హనుమంతప్ప తల వంచాడు. "కొర్రలమ్మా. యుద్ధమప్పుడు పోసినవి."

"నువ్వేల తిరిగొస్తివే?" నాగేశ్వరయ్య కసిరాడు. "బళ్లారికి తోలేకి బండ్లు వస్తాండాయి. ఇప్పుడు మంచి ధర ఉండాది. నోరు మూసుకోని వంటింట్లో కూర్చోపో."

ఆమె కదల్లేదు. యుద్ధం రోజుల్లో దాచిన గింజలు వెతకడానికి అధికార్లు వచ్చినప్పుడల్లా ఈయన ఆమెను ఈ గదిలోకి నెట్టేవాడు. గడప దగ్గర నిలబడి "మా ఇంటామెకు ముట్టయింది సార్" అనేవాడు. వాళ్లు చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి పోయేవారు. ఒక్కో నెలలో మూడుసార్లు ముట్టు! పరాయి మగవాళ్ల కళ్లు తన మీద పడకూడదనేమో అని ఆ పిచ్చిది మురిసిపోయింది.

"నన్ను పాతరకు మూత పెట్టినావా నువ్వు?"

"నువ్వా? ఎవరితో మాట్లాడతాండావే?"

"మూతకేం తెలుస్తాది, ఎవరితో మాట్లాడతాందో!"

అప్పుడు ఆమె చూపు సుంకమ్మ మీద పడింది. ఆ రోజుల్లోనే సుంకమ్మ చంకలో పసిబిడ్డతో ఇదే గడపలో నిలబడి శేరు గింజలడిగింది. "ఒట్టే, లేవే" అంది కన్యకమ్మ, మంచం మీద కూర్చుని. వారం తిరక్కుండా బిడ్డ పోయింది.

నాగేశ్వరయ్య జీతగాడి వైపు తిరిగాడు.

"దిగరా హనుమంతూ, బండ్లొచ్చే పొద్దాయె!"

"దిగొద్దు హనుమంతన్నా!" సుంకమ్మ అరిచింది. "ముందు దీపం దింపు."

తాడు కట్టి దీపం దింపారు. మూరెడు లోతులోనే ఆరిపోయింది. ఏళ్లు మూసిన పాతరలో గాలి మనిషిని చంపుతుంది. కోడికూతప్పుడు తెరిచి పగలంతా వదిలేయాలి. ఈ సంగతి నాగేశ్వరయ్యకు తెలియక కాదు. పెళ్లాం గడప దాటేదాకా తెరవలేకపోయాడు, ఆపైన తొందరపడ్డాడు.

"సాయంత్రం దాకా దిగేది లేదు శెట్టీ. నాకూ పిల్లలుండారు." హనుమంతప్ప గడారి కింద పడేశాడు.

కన్యకమ్మ వీధి తలుపు వైపు నడిచింది. మొగుడు చెయ్యి పట్టుకున్నాడు.

"పరువు తీస్తావా నాది?"

విదిలించుకుని గడియ లాగింది. వీధిలో నిలబడి గొంతెత్తింది. "గంజికి పోయేవాళ్లంతా ఈడికి రాండప్పా! మా ఇంట్లో కొర్రలుండాయి!" ఆ గొంతు ఎలా ఉంటుందో ఊరికి ఆరోజే తెలిసింది.

పొద్దు వాలేవేళకు దీపం గింజల దాకా దిగినా ఆరలేదు, హనుమంతప్ప దిగి గంపలకెత్తాడు. వీధి నిండా జనం. వచ్చిన బండ్లు అది చూసి మళ్లిపోయాయి. నాగేశ్వరయ్య మూల కూర్చుని నేల చూస్తున్నాడు. కొర్రల పైపొర నల్లబడింది, లోపలి గింజ గట్టిగానే ఉంది.

మొదటి గంప కన్యకమ్మే ఎత్తి సుంకమ్మ కొంగులో పోసింది.

"లేవంటి గదే సుంకీ... వాటి మీద కూర్చోని, ఒట్టు పెట్టి లేవంటి."

సుంకమ్మ కొంగులోని గింజల వైపు చూసింది.

"నీకు తెలీదని నాకు తెలీదు గదమ్మా. ఇన్నేండ్లు నిన్ను తిట్టుకుంటానే నీ అంట్లు తోమినా."

కన్యకమ్మ అక్కడే కూలబడి భోరుమంది. సుంకమ్మ కొంగు ముడేసుకుని ఆమెను భుజం పట్టి లేపింది.

"ఏడుపు తర్వాతమ్మా. జనం నిలబడుండారు. గంప పట్టు."

కన్యకమ్మ పట్టింది.