సున్నా మీటరుకు ఆరతి

దోణిమలై రోడ్డు మీద ఇనుప ఖనిజం లారీ ఒకటి ఎదురొచ్చిన జీపును నుజ్జు చేసి, ఆగకుండా పోయింది. జీపులో ఉన్నది శివు, కేంద్ర ఉద్గారాల పర్యవేక్షణ విభాగం ఇన్‌స్పెక్టర్. ఆ ఖనిజపు ఎర్రమట్టి విదేశీ ఓడలెక్కి బంగారమైపోతున్న 2009లో బళ్లారిలో లారీ కింద చావంటే వార్త కూడా కాదు. చంపినవాళ్ల ధైర్యమూ అదే.

"యాక్సిడెంట్ కాదు," అన్నాడు ఢిల్లీలో ఆ విభాగం చీఫ్, ఏజెంట్ విక్రమ్‌తో. "సిరిగేరి దగ్గర గ్యాస్ పైప్‌లైన్‌కు కొత్త కంప్రెసర్ స్టేషన్. ట్రయల్ కోసం పైపుల్లో గ్యాస్ నింపారు. మీథేన్ కారుతోందని శివు ఫోన్ చేశాడు. కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు భూమిని వేడెక్కించే గ్యాస్ అది. లీకు పట్టాల్సిన డిటెక్టర్ మీటరు మాత్రం సున్నా చూపిస్తోంది. దాన్ని అమ్మినవాడు క్రోల్, విదేశీ ముఠా మనిషి. అమావాస్య నాడు మన ఆఫీసర్ నేత్ర అక్కడ ఆమోద సంతకం పెడితే దేశమంతా అవే దొంగ డిటెక్టర్లు."

"లోపల మనవాళ్లు?"

"మనోజ్ఞ. క్రోల్ సెక్రటరీ. మనకూ పనిచేస్తుంది, వాడికీ పనిచేస్తుంది. ఎవరికి ఎక్కువో దేవుడికే తెలియాలి."

విక్రమ్ ఆ రాత్రే బళ్లారి రైలెక్కాడు. శివు అతని బ్యాచ్‌మేట్.

అమావాస్య ఉదయం. స్టేషన్ కంచె పక్క మడిలో నీళ్లు నిండుగా ఉన్నాయి, వరి మాత్రం ఎండిపోయింది. నేలలోకి కారిన గ్యాస్ వేళ్లకు గాలాడనివ్వలేదు. ఏ వాసనా లేదు. పైపుల్లోది వాసన లేని గ్యాసే మరి.

స్టేషన్‌కు స్థలమిచ్చిన, సొంత లారీలు కూడా ఉన్న రైతు సుబ్బరామి పూజకు అయ్యవారిని పిలిపించాడు. వచ్చినవాడు విక్రమ్. పంచె, విభూతి, చేతిలో గంట. గంటలో ట్రాన్స్‌మిటర్.

క్రోల్ పక్కన నల్ల కళ్లద్దాల మనోజ్ఞ. "తోరణం ఎటువైపు కడతారు అయ్యవారూ?" అంది. కోడ్ వర్డ్.

"ఎండిన వరి వైపు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎవరి పక్షమో విక్రమ్‌కు అంతుపట్టలేదు.

నేత్ర మీటరు చూసింది. సున్నా. పెన్ను తీసింది.

"స్వల్ప ఇరి, రవంత ఆగండి మేడమ్," సుబ్బరామి అడ్డొచ్చాడు. "ఆరతి ఇయ్యకుండా యాడన్నా మిషన్ స్టార్ట్ చేస్తారా? మా లారీలకే అమాస అమాసకీ కర్పూరం ఎలిగిస్తాండాము."

ఢిల్లీ ఊహించనిదీ, విక్రమ్ నమ్ముకున్నదీ ఈ మాటే.

"ఇక్కడ నిప్పు పనికిరాదండీ," అంది నేత్ర.

"మీటరు సున్నా అంటాండాది కదమ్మా. గ్యాసే బయటికి కారనప్పుడు భయమేంది?"

విక్రమ్ అప్పటికే వాల్వ్ గుంత మీదికి వంగాడు. పళ్లెంలో తెల్లటి బిళ్లలు. చేతిలో అగ్గిపెట్టె.

"ఆపు," క్రోల్ గొంతు కీచుగా వచ్చింది. "అంతా పేలిపోతుంది."

నేత్ర పెన్ను ఆగిపోయింది. క్రోల్ గేటు వైపు పరుగెత్తాడు. మనోజ్ఞ అప్పటికే తాళం వేసి నిలబడింది.

"సున్నా దగ్గర ఏం పేలుతుంది సర్?" అంది.

క్రోల్ చెయ్యి కోటులోని పిస్తోలు మీదికి వెళ్లి అక్కడే నిలిచిపోయింది. ఒక్క నిప్పురవ్వ చాలని అతనికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? గంటలోంచి మాటలన్నీ విన్న పోలీసులు వచ్చి పట్టుకున్నారు. నేత్ర మెయిన్ వాల్వ్ మూయించింది.

సుబ్బరామి విక్రమ్ దగ్గరికొచ్చాడు. "ఏమప్పా అయ్యవారూ, నిజంగానే ఎలిగిస్తాంటివా?"

విక్రమ్ అగ్గిపెట్టె తెరిచి చూపించాడు. ఖాళీ. పళ్లెంలోని బిళ్ల ఒకటి నోట్లో వేసుకున్నాడు. "కలకండ. తీసుకోండి, ప్రసాదం."

సుబ్బరామి చప్పరిస్తూ ఆలోచించాడు. "అట్లయితే ఆరతి ఇయ్యనట్లే కదప్పా. ఇంగ మళ్లా అమాస దాంకా ఈ మిషన్ స్టార్ట్ చేసేది లే."