చేతులెత్తి నిలబడిన చోట

"నాకు టికెట్టు తీయొద్దండి. నేను రాను" అంది శ్రీవాసవి, దోసె మీద ఎర్రకారం పూస్తూ.

వంటింటి గడప పక్కన స్టూలు వేసుకుని ఫోనులో విమానాల వేళలు చూస్తున్న మురళి తలెత్తాడు. కూతురు రమ్యశ్రీ ఢిల్లీలో ఎం.టెక్ పూర్తి చేసింది. వచ్చే వారం పట్టా ఇస్తారు. అమ్మా నాన్నా నాయనమ్మా ముగ్గురూ వచ్చి ముందు వరసలో కూర్చోవాలని ఆ పిల్ల నెల రోజులుగా పోరుతోంది.

"రాకుంటే ఎట్ల? ఒక్కగానొక్క బిడ్డ. అదేమనుకుంటాది?"

"రైలుకైతే వస్తా. ఇమానమైతే రాను."

"అమ్మ మోకాళ్ళతో రైల్లో అంతసేపు కూచోగలదా?"

"అయితే మీరూ అత్తా పోయి రాండి" అని శ్రీవాసవి దోసెను పళ్ళెంలో వేసి, పెనం మీద నీళ్ళు చిలకరించింది. పెనం చుయ్యిమంది.

ఆమె ఎందుకు రానంటోందో మురళికి తెలుసు. తెలిసే తెలియనట్టు అడిగాడు.

మంగంపేట ముగ్గురాయి పొడిని ఉత్తరాది రంగుల కంపెనీలకు అమ్మే వ్యాపారం అతనిది. నెలలో సగం రోజులు విమానాల్లోనే గడుస్తాయి. ఏ వరసలో నిలబడితే తొందరగా పని అవుతుందో, బెల్టూ పర్సూ ఏ క్షణాన తీసి ట్రేలో వేయాలో అతనికి కొట్టినపిండి. కడప బజారులో నలుగురు వర్తకులు చేరితే విమానాశ్రయాల ముచ్చట్లలో అతనిదే పైచేయి. ఒంటిని స్కాన్ చేసి చూడడానికి తనిఖీలో కొత్తగా పెట్టిన అద్దాల గదుల మాట వస్తే ఒకరు, "చేతులెత్తి నిలబడితే గుడ్డల్లేకుండా కనపడతామంట గదప్పా!" అనేవారు. ఇంకొకరు, "ఆ కిరణాలు ఒంటికి మంచివేనా?" అని అనుమానపడేవారు. మురళి నవ్వేసి, "బొమ్మ గీసినట్టు ఒక ఆకారం కనపడతాది, అంతే. మనకు దాచుకోవాల్సిందేముండాది?" అనేవాడు.

కానీ ఆ ఇంట్లో దాచుకున్నది ఉంది.

రెండేళ్ళ కిందట చెన్నైలో శ్రీవాసవికి ఎడమ రొమ్ము తీసేశారు. గడ్డ క్యాన్సరని తేలిన రోజే మురళి ఒక నిర్ణయానికి వచ్చాడు. పిత్తాశయంలో రాళ్ళని అందరికీ చెప్పాడు. తల్లికీ అదే, కూతురికీ అదే. మందులకు జుట్టు ఊడిపోతే తిరుమలలో మొక్కు తీర్చుకున్నామని చెప్పించాడు. "బజార్లో పడితే ఆ మాట ఆగుతుందా? రేపు రమ్యకు సంబంధాలు రావల్ల గదా" అని భార్యకు నచ్చజెప్పాడు. అసలు సంగతి అది కాదు. రొమ్ము అన్న మాట అనడానికి అతనికే నోరు రాలేదు. డాక్టరు ముందు కూడా పేరు చెప్పలేక, తన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించాడు. శ్రీవాసవి ఎదురు చెప్పలేదు. ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన మెత్తటి సిలికాన్ దిండును జాకెట్టు లోపల సర్దుకుని బతకడం అలవాటు చేసుకుంది.

మొన్న కార్తీకంలో, సాటి వర్తకుడు తేజేశ్వర్ దంపతులతో కలిసి కాశీకి పోయినప్పుడు జరిగింది అది. తిరుగు ప్రయాణంలో, ఉత్తరాదిలోని ఓ పెద్ద విమానాశ్రయంలో ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ అద్దాల గదుల గుండా పంపుతున్నారు. శ్రీవాసవి చేతులెత్తి నిలబడింది. బయటికి రాగానే కంప్యూటర్ తెర మీది బొమ్మలో, ఛాతీకి ఎడమ వైపున పసుప్పచ్చటి చదరం వెలిగింది. పోలీసామె హిందీలో ఏదో అడిగింది. శ్రీవాసవికి హిందీ రాదు. ఆమె మురళి వైపు చూసింది.

అతను నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. హిందీ బాగా వచ్చు. ఆపరేషన్ అయినవాళ్ళు పక్కకు తీసుకుపొమ్మని అడగవచ్చనీ తెలుసు. వెనకే తేజేశ్వర్, అతని భార్య నిలబడి ఉన్నారు. మురళి ట్రేలోంచి బ్యాగు తీసుకుని ముందుకు నడిచాడు.

"వదినెను నిలబెట్టినారే, ఏమైందన్నా?" అన్నాడు తేజేశ్వర్.

"ఏ పిన్నీసో పెట్టుకొనింటాది. ఎన్నిసార్లు చెప్పినా ఇనదు" అని మురళి నవ్వాడు. తేజేశ్వర్ భార్యా నవ్వింది.

ఆ నవ్వు శ్రీవాసవికి వినబడింది. పోలీసామె ఆమెను తెర చాటుకు తీసుకుపోయింది. భాష తెలియని ఆ మనిషి ముందు శ్రీవాసవి తానే జాకెట్టు విప్పి చూపించింది. బయటికి వచ్చాక ఏడవలేదు, అడగలేదు. ఇంటికి చేరాక కూడా ఆ ఊసెత్తలేదు.

ఈ పొద్దు వంటింట్లో మురళే ఎత్తాడు.

"ఆ తనిఖీ గురించేనా నీ భయం? ఈసారి నేను ముందే చెప్తాలే" అన్నాడు మురళి గొంతు తగ్గించి.

"భయం గాదు" అంది శ్రీవాసవి గరిటె కింద పెట్టి. "ఆ పోలీసామె నన్ను చూసి చెయ్యి పట్టుకొని, వాళ్ళ భాషలో ఏమో మంచి మాటే చెప్పింది. ఆమె దగ్గర నాకు సిగ్గు కాలే. బయట మీరు నగుతాంటే అయింది."

మురళి హాలు వైపు చూశాడు. "మెల్లగా. అమ్మ ఇంటాది."

"ఇననీండి! ఎవురు ఇంటారో అని రెండేండ్లు ఊపిరి కూడా మెల్లగానే తీసుకుంటి. మీ పరువు నా జాకెట్లో ఉండాదా?" ఆమె పొయ్యి ఆర్పేసింది. "నన్ను వదిలేయండి. రమ్య సంగతి చూడండి. రేపు దానికి యాడన్నా చిన్న గడ్డ తగిలిందనుకోండి. మా అమ్మకు వచ్చింది గదా, చూపించుకోవల్ల అని దానికి తెలియొద్దా? దాని పెండ్లి కోసం దాస్తాండామంటారు. దాని పానం కోసం చెప్పొద్దా?"

ఇన్నాళ్ళూ కూతురి కోసమే అనుకున్న అబద్ధం కూతురికే ఉరి కావచ్చని మురళికి ఒక్కసారైనా తట్టలేదు.

హాల్లోంచి అతని తల్లి రాజ్యలక్ష్మమ్మ గోడ పట్టుకుని మెల్లగా వచ్చి గడపలో నిలబడింది. కొడుకు తల దించుకున్నాడు.

"పిత్తాశయంలో రాళ్ళు తీస్తే చెయ్యి వాస్తాదారా మురళీ?" అంది ముసలామె.

"అమ్మా, అది..."

"నాకు శానా దినాల నుంచీ తెలుసు. బిందె ఎత్తనీకి పోయి ఈ పిల్ల ఎడమ చెయ్యి పట్టుకొని కూలబడింది ఒకసారి. జుట్టు ఊడె, చెయ్యి వాచె, ఇంగ అర్థం గాదా నాకు? మీరే దాస్తాంటే నేనెట్ల అడిగేది? అందుకే బరువు పనికి పోనియ్యకుండా ఏదో వంకతో కసురుకుంటా వచ్చినా." కోడలి వైపు తిరిగింది. "గయ్యాళి అత్త అనుకునింటావు."

"అత్తా!" అంటూ శ్రీవాసవి ఆమె భుజం మీద తల వాల్చి, ఇన్నాళ్ళది ఒక్కసారిగా ఏడ్చింది. మురళికి ఆ ఇద్దరి దగ్గరికి పోవడానికి కూడా మొహం చెల్లలేదు. స్టూలు మీదే కూర్చుని అరచేతుల్లో ముఖం దాచుకున్నాడు.

కాసేపటికి అతనే రమ్యశ్రీకి ఫోను కలిపాడు. "అమ్మకు రెండేండ్ల కిందట..." అని ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఆగాడు. శ్రీవాసవి ఫోను తీసుకుని ఉన్నదున్నట్టు చెప్పింది.

"మొక్కు అంటివే అమ్మా... గుండు బాగుండాదని నగితినే నేను" అని వెక్కుతూ అంది రమ్యశ్రీ. తర్వాత, "నాన్నకియ్యి" అంది. మురళి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఎందుకు నాన్నా?" అని ఒక్క మాటే అడిగింది ఆ పిల్ల.

"నాది తప్పు తల్లీ" అన్నాడు.

"నాకు గాదు. అమ్మకు చెప్పు."

వారం తర్వాత ముగ్గురూ బయలుదేరారు. శ్రీవాసవి రానని మళ్ళీ అనలేదు, వస్తానని కూడా నోటితో చెప్పలేదు. కూతురి కోసం పట్టుచీర మడిచి పెట్టుకుంది, అంతే. విమానాశ్రయంలో చక్రాల కుర్చీలో తల్లిని కూర్చోబెట్టి మురళి తోసుకొచ్చాడు. తనిఖీ దగ్గర ఇక్కడా అద్దాల గదే. పోలీసామె ఉత్తరాది మనిషి. వెనక పెద్ద వరస ఉంది. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు కడప ముఖాలు మురళికి తెలిసినవే.

"ఆమెకు చెప్పండి" అంది శ్రీవాసవి.

మురళి ఒకడుగు ముందుకు వేసి, హిందీలో, అందరికీ వినబడేలా చెప్పాడు. ఈమె నా భార్య. క్యాన్సర్ వచ్చి ఒక రొమ్ము తీసేశారు. లోపల సిలికాన్‌ది పెట్టుకుంది. దయచేసి పక్కకు తీసుకుపోయి చూడండి.

పోలీసామె తల ఊపి, "రండమ్మా" అని హిందీలో పిలిచి శ్రీవాసవికి తెర పక్కకు తొలగించింది. వెనక ఎవరో ట్రే ముందుకు జరపమన్నారు. కడప పెద్దమనిషి ఒకాయన వాచీ చూసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆకాశం విరిగి పడలేదు.

శ్రీవాసవి పైట సర్దుకుంటూ బయటికి వచ్చేసరికి మురళి తెర పక్కనే, ట్రేలోంచి తీసిన ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వంగి చెప్పులు ఆమె కాళ్ళ ముందు పెట్టాడు.

"ఇంత చిన్న మాట" అన్నాడు. "ఇంత చిన్న మాట చెప్పలేకపోతి."

"మీకు చిన్నదే" అంది శ్రీవాసవి. "నాకు రెండేండ్లు."

ఆమె చెప్పులు తొడుక్కుంది. పడిపోకుండా ఆ క్షణం అతని భుజం మీద చెయ్యి వేసింది. తొడుక్కున్నాక కూడా ఆ చెయ్యి వెంటనే తీయలేదు.

"అత్తను తోసుకొని రాండి" అంది. "బిడ్డ కాచుకొనుంటాది."

ఆమె ముందు నడిచింది. మురళి కుర్చీ తోసుకుంటూ వెనక నడిచాడు.