కోడ్ చెప్పను

మైకు రిమోట్ ఉన్న టీవీ స్ట్రీమింగ్ బాక్స్ ఆ షాపులో ఒక్కటే మిగిలింది. దాని మీద రెండు చేతులు ఒకేసారి పడ్డాయి.

"నేను ముందొచ్చానండి," అంది ఆ అమ్మాయి.

"ముందు అడిగింది నేను," అన్నాడు రాజారాం.

బయట నిజామాబాద్ అంతా వానలో నానుతోంది. ఆమె చున్నీ అంచు నుంచి చుక్కలు కౌంటర్ అద్దం మీద రాలుతున్నాయి. షాపు యజమాని ముజఫర్ గుడ్డతో వాటిని తుడుస్తూ, "అరె, లడాయి ఎందుకు? వేరే బాక్సులు మస్తున్నయి. ఒకరు అవి తీస్కోండ్రి," అన్నాడు.

"వాటికి మైకు లేదుగా. ఒక్కో అక్షరం వెతికి కొట్టాలంటే మా నాన్నకి చిరాకు."

"మా అవ్వకు అక్షరాలే రావు. నోటితోనే చెప్పాలె," అన్నాడు రాజారాం.

ఆమె అతనికేసి కోపంగా చూడబోయి, ఎందుకో పూర్తిగా చూడలేకపోయింది. ఆ సగం కోపానికే అతను ఓడిపోయాడు.

"సరే, మీరే తీస్కోండ్రి."

"నిజంగానా?"

"నా మనసు మారకముందే తీస్కోండ్రి."

కొత్త సరుకు రాగానే కబురు చేయమని ముజఫర్‌కు నంబర్ ఇచ్చి, బోధన్ బస్సెక్కాడు. ఎడపల్లి దాటాక గానీ అతనికి గుర్తు రాలేదు, ఆమె పేరు అడగలేదని.

ఆ వారంలోనే ఫోన్ వచ్చింది.

"నేనండీ. మీ బాక్స్ లాక్కున్న అమ్మాయిని. పేరు ఉదయలక్ష్మి. ముజఫర్ గారి దగ్గర మీ నంబరూ, ఊరూ తెలుసుకున్నా. మా టీవీ మరీ పాతదండి, దీని వైరు పట్టే చోటే లేదు. మీరే తీసుకోండి. నేను బోధన్ స్కూల్లోనే పనిచేస్తా, సాయంత్రం ఇచ్చి వెళ్తా."

రాజారాం బోధన్‌లో ఒక జూనియర్ కాలేజీ లైబ్రరీ చూసుకుంటాడు. అమ్మా బాపూ ఇందల్వాయిలో, హైవే పక్కన హోటల్ నడుపుతారు. ఇక్కడ ఇంట్లో అతనూ, నాయనమ్మ హన్మవ్వా. గాలివానకు కేబుల్ తెగినప్పటి నుంచి అవ్వ ఖాళీ టీవీ ముందు అలిగి కూర్చుంటోంది.

ఉదయలక్ష్మి స్కూటీ మీద వచ్చింది. బాక్స్ ఇచ్చి పోతుందనుకుంటే, చెప్పులు విడిచి లోపలికే వచ్చింది. రాజారాం టీవీ వెనక దూరి వైరు గుచ్చాడు, ప్లగ్గు పెట్టాడు. తెర మీద ఏమీ రాలేదు. ఉన్న బటన్లన్నీ నొక్కాడు.

"రెండో సాకెట్లో గుచ్చి, మొదటిదాన్లో వెతుకుతున్నారు," అంటూ ఆమె టీవీ రిమోట్ అందుకుని ఒక్కటి మార్చింది. బొమ్మ వచ్చింది.

"వైఫై పాస్‌వర్డ్?"

రాజారాం నసిగాడు. "హన్మవ్వ బంగారం. మధ్యల ఖాళీ లేదు."

ఆమె నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. ఆపుకోలేకపోయింది.

అతనికి ఏ యాప్‌లోనూ అకౌంట్ లేదు. అవ్వ తొందర పెడుతోంది. "ప్రస్తుతానికి నాది పెడతానండి," అంటూ ఉదయలక్ష్మి తన నంబర్ కొట్టి, తన ఫోన్‌కు వచ్చిన కోడ్ ఎక్కించింది.

"వైరుకు కన్వర్టర్ దొరుకుతదేమో గదా, మీ పాత టీవీకి?" అన్నాడతను, నిజాయితీ ఉండబట్టలేక.

"దొరుకుతుందట. ముజఫర్ గారు చెప్పారు. నేనే వద్దన్నా."

"ఎందుకు?"

"ఏమో," అంటూ ఆమె రిమోట్ అవ్వ చేతికిచ్చింది.

హన్మవ్వ రిమోట్‌ను నోటి దగ్గర పెట్టుకుని, "ఓ బిడ్డా, ఏదన్న మంచి కత సూపియ్యి," అంది. తెర నిండా చేపల పులుసు వంటలు వచ్చాయి. మళ్ళీ అంది. ఈసారి వ్యాయామాలు వచ్చాయి.

ఉదయలక్ష్మి అదే మాట తన యాసలో అంటే, కథలు వరుసగా వచ్చాయి.

"గీ డబ్బ గూడ మీ దిక్కుదే ఉన్నట్టుంది," అంది అవ్వ.

"మా దిక్కు ఇదేనవ్వా. మా తాతగారు కోస్తా నుంచి వచ్చారు గానీ, నేను పుట్టింది ఎడపల్లిలోనే. సముద్రం కూడా టీవీలోనే చూశా."

"అయితె నువ్వు ఐతారం ఐతారం రా. నా మాట దీనికి నువ్వు జెప్పు."

అలా మొదలైంది. ప్రతి ఆదివారం ఉదయలక్ష్మి వచ్చేది. ముగ్గురూ ఒక సీరియల్ పట్టుకున్నారు. సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ కాపలా కాసే కుటుంబం కథ. అవ్వ తెర చూసేది. ఉదయలక్ష్మి చూస్తూ పాత్రలను తిట్టేది. రాజారాం మాత్రం ఆమె బుగ్గ మీద మారే నీలం వెలుగు చూసేవాడు. ఆమె తిరిగేసరికి రిమోట్‌లో బ్యాటరీలు సరిచేస్తూ కనిపించేవాడు.

వరి కోతలకు ముందు ఒక ఆదివారం, ఎపిసోడ్ సగంలో ఉండగా ఆమె అంది.

"రేపు భీమవరం వెళ్తున్నానండి. అక్కడ స్కూల్లో ఉద్యోగం వచ్చింది, అత్తయ్య వాళ్ళింట్లో ఉండాలి. నాన్న మా బంధువుల్లో సంబంధాలు కూడా చూస్తున్నారు."

రాజారాం గొంతులోకి చాలా మాటలు వచ్చాయి. బయటికి వచ్చింది ఒక్కటే. "మంచిది. బస్సుకా, రైలుకా?"

ఆమె కాసేపు అతని ముఖంలోకి చూసింది. "రైలుకి," అని లేచింది.

"మిగిలింది సూసి పో బిడ్డా," అంది అవ్వ.

"ఇంకోసారి అవ్వా."

ఆ తర్వాత ఆదివారాలు వచ్చాయి గానీ వాటిలో ఏమీ లేదు. రాజారాం సీరియల్ పెట్టబోతే అవ్వ వద్దంది. "ఆ పిల్ల వచ్చినంక సూద్దాం." వీధిలో స్కూటీ చప్పుడైతే అతని చేతిలో పుస్తకం ఆగిపోయేది. ఆమె నంబర్ తెరిచేవాడు. 'బాగున్నరా' అని కొట్టి, చెరిపేసేవాడు. టీవీ పెడితే తెర మీద మూలన 'ఉదయ' అన్న పేరు కనిపించేది. అంతే చూసి కట్టేసేవాడు. చెరకు లారీలు రోడ్డెక్కాయి. చలి ముదిరింది.

ఒక మధ్యాహ్నం బాక్స్ తనంతట తాను అప్‌డేట్ అయింది. ఆ పేరు పోయింది. మళ్ళీ లాగిన్ అవ్వండి, ఫోన్‌కు వచ్చిన కోడ్ కొట్టండి అంది. ఖాళీ అయిన ఆ మూల చూసి రాజారాం ఫోన్ అందుకున్నాడు. ఉదయలక్ష్మికి చేశాడు.

"కోడ్... వచ్చిందాండి మీకు?"

"ఇన్ని నెలలకి ఫోన్ చేసింది కోడ్ కోసమా?"

"బాక్స్ అడుగుతున్నది."

"వచ్చింది. చెప్పను."

"అవ్వ అలుగుతది..."

"అవ్వని మధ్యలోకి లాగకండి. మీక్కావాల్సింది కోడేనా? అది చెప్పండి ముందు."

రాజారాం కళ్ళు మూసుకున్నాడు. "కాదు. మీరు పోవద్దు అందామనుకున్న ఆ రోజు. రైలు సంగతి అడిగిన. అప్పటి సంది నాకు ఏం సమజైతలేదు. ఇంట్ల అన్నీ ఉన్నయి, మీరు లేరు. నాకు మీరు గావాలె."

ఆమె సన్నగా, "మన సీరియల్ మిగతాది చూశారా?"

"లేదు. మీరు?"

"చూడలేదు. ఒక్కదాన్నే ఎలా చూస్తాను?" ఆమె చెప్పుకుపోయింది. "వచ్చిన సంబంధాలన్నీ ఏదో వంక పెట్టి తిప్పేశా. వంకలు అయిపోయాయండి. వెళ్ళి నాన్నతో మాట్లాడండి."

కోడ్ చెప్పకుండానే పెట్టేసింది.

మర్నాడు రాజారాం, అవ్వ ఆటోలో ఎడపల్లి వెళ్ళారు. ఉదయలక్ష్మి తండ్రి వీరరాఘవయ్య కాలువ గట్టున నారుమడికి నీళ్ళు పెడుతున్నాడు. రాజారాం చెప్పాల్సింది చెప్పాడు. ఆయన పార ఆపలేదు.

"మావాళ్ళకీ మీవాళ్ళకీ మాట దగ్గరే తేడా, బాబూ. మాకు అక్కడే బంధువులున్నారు."

హన్మవ్వ ముందుకొచ్చింది. "మాటదేముంది అయ్యా? ఆ డబ్బకు నా మాట రాదు. నీ బిడ్డకు వస్తది. ఇందల్వాయిల ఉన్న నా కొడుకుతోని నేను మాట్లాడ్త, నువ్వు నీ బిడ్డతోని మాట్లాడు."

వీరరాఘవయ్య పార నేలకు ఆనించాడు.

"మొన్న ఫోన్లో, మన ఊరికి వచ్చేస్తా నాన్నా అని ఏడ్చింది. మన ఊరంటే భీమవరమే కదమ్మా, మన మూలం అదేగా అన్నాను. కాదు, ఎడపల్లి అంది." ఆయన పార గట్టు మీద పెట్టాడు. "నలభై ఏళ్ళు ఇక్కడి నీళ్ళు తాగి నేనే ఆ మాట అనలేకపోయా. రమ్మంటా, ఆదివారం దిగుతుంది. స్టేషన్‌కి నువ్వెళ్ళు."

ఆదివారం నిజామాబాద్ స్టేషన్‌లో కాలం కాని కాలంలో జల్లు పడింది. రైలు ఆగింది. ఉదయలక్ష్మి సన్నబడింది. తలుపు దగ్గర నిలబడి, గుంపులో అతన్ని వెతికి పట్టుకుంది.

రాజారాం ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. వానలో అలాగే నిలబడ్డాడు.

ఆమె దగ్గరికొచ్చి, ఏడుపూ నవ్వూ కలిసిన ముఖంతో, మొదటిసారి 'అండీ' వదిలేసింది.

"ఏంది అట్ల సూస్తున్నవ్? బ్యాగు పట్టు. ఇంటికి పోదాం."