రూత్ పేరు పక్కన టిక్కు

"వనజా, సూసి రాస్కో! ఇంగోసారి ఏస్తాండా!" అని డ్రిల్ సారు రంగప్ప కేక వేశాడు.

మూడోసారి కూడా బంతి రూత్ చేతికి చిక్కలేదు. భుజానికి తగిలి, గోడ దాకా దొర్లిపోయింది. పాపం, బంతి వస్తుంటేనే రూత్ కళ్లు గట్టిగా మూసేసుకుంది.

ఐదో తరగతి పిల్లల్ని సారు జతలు చేశాడు. ఒకరు చేస్తుంటే ఇంకొకరు చూసి కాగితం మీద రాయాలి. ఒంటికాలితో గెంతడం, గీత మీద నడవడం, బంతి పట్టడం. వస్తే టిక్కు, రాకపోతే ఇంటూ.

గీత మీద రూత్ తొణక్కుండా నడిచింది. చేను గట్ల మీద నీళ్ల బిందె మోసే పిల్లకు అదో లెక్కా! చిక్కంతా బంతి దగ్గరే. ఏటా అమ్మానాన్నలతో గుంటూరు వైపు మిరప కోతలకు పోయే పిల్లకు బంతాట ఎక్కడ నేర్చుకునే వీలుంది?

వనజకు వాళ్లమ్మ భారతి గుర్తొచ్చింది. పత్తి తీసేటప్పుడు పక్క సాలులో మనిషి వెనకబడితే, అమ్మ తన సాలు ఆపి ఆ సాలులో నాలుగు చెట్లు ఏరిపెడుతుంది. "ఎనకబడినోళ్లను ఇడిసి పోకూడదు పాపా" అంటుంది.

వనజ అటూ ఇటూ చూసి, బంతి పట్టడం పక్కన టిక్కు కొట్టేసింది. మంచి పని చేశానని తెగ మురిసిపోయింది.

మర్నాడు ప్రార్థన అయ్యాక సారు, అంతమందిలో ఎవరు పట్టారో గుర్తులేక, కాగితాలు చూసి ఆరుగురి పేర్లు పిలిచాడు. అందరూ ఇంటూలు వచ్చినవాళ్లే! వీళ్లకు చీవాట్లు తప్పవనుకుంది వనజ. సారు మాత్రం సంచి విప్పి, తలా ఒక కొత్త బంతి ఇచ్చాడు.

"రోజూ పొద్దున అర్ధగంట ముందే రాండప్పా. నేర్పిస్తా."

వనజకు తల తిరిగిపోయింది. రానివాళ్లకు బంతులా? ఇదెక్కడి పరీక్ష?

పక్కనే రూత్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకూ నేర్పిస్తాడనుకుంటి. నా పేరు పిల్సలేదు."

"నీకు అన్నీ టిక్కులే కదే!"

"బాల్ నేను యాడ పట్టినా?"

వనజ మంచే చేసింది కదా, మరి రూత్ ఎందుకు ఏడుస్తోంది? ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. చివరికి సారు దగ్గరికే వెళ్లింది.

"సార్, ఎనకబడినోళ్ల సాలు ఏరిపెట్టేది తప్పా?"

"పత్తి మాట ఈడేంది పాపా?" సారు తెల్లబోయాడు.

వనజ తలొంచుకుని అంతా చెప్పింది. సారు కోప్పడలేదు.

"మీ అమ్మ ఏరిన పత్తి ఆ మనిషి ఒడిలోనే పడతాది కదా. నువ్వు కొట్టిన టిక్కుతో రూత్ చేతిలో ఏం పడింది సెప్పు?"

వనజ కాగితం అడిగి, టిక్కు చెరిపి, పెద్ద ఇంటూ పెట్టింది. సారు సంచిలోంచి ఇంకో బంతి తీశాడు.

మరుసటి రోజు పొద్దున్నే రూత్ వచ్చేసరికి గ్రౌండ్‌లో వనజ ఎదురుచూస్తోంది.

"నీకు టిక్కే కదా, నువ్వెందుకు వచ్చినావ్?"

"బాల్ ఏసేవాళ్లు ఉండొద్దా? కళ్లు మూసుకోవద్దు, సూడు!"

బంతి రూత్ వేళ్లకు తగిలి జారిపోయింది. ఈసారి కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

"ఇంటూ!" అని వనజ గట్టిగా అరిచింది.

రూత్ పకపకా నవ్వుతూ బంతి కోసం పరుగెత్తింది.