బారోకి డెబ్బై నిమిషాలు

పికప్ మంచు మీద జారింది.

కృష్ణవేణి బ్రేక్ వేయలేదు.

సాయంత్రం నాలుగు. అలాస్కా ఉత్తర కొసనున్న బారోలో సూర్యుడు కనిపించి నెల దాటింది. చీకట్లో రన్‌వే లైట్లు... చిన్న విమానం ఇంకా అక్కడే ఉంది!

పది నిమిషాల్లో శ్రీకాంత్ అందులో ఎక్కేస్తాడు. ఇక దొరకడు.

ఫోన్ స్పీకర్‌లో డిటెక్టివ్. ఎక్కడో దూరాన నగరంలో ఉన్నాడు. అతనికి ఐదోసారి చెబుతోంది.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఇక్కడే ఆమె తమ్ముడు అమర్‌నాథ్‌ని కాల్చి చంపేశారు. తోటి ఇంజినీర్ శ్రీకాంత్ దొంగ టెస్ట్ రిపోర్టులు రాస్తున్నాడని వాడు కనిపెట్టిన మర్నాడే.

ఆ సమయానికి తను ఆకాశంలో ఉన్నానన్నాడు శ్రీకాంత్. పదకొండుంపావుకి కాట్‌జెబ్యూ అనే ఊళ్లో ఈ చిన్న విమానమే ఎక్కాడట. పన్నెండూ ఇరవై ఐదుకి బారోలో దిగాడట. పైలట్ సంతకం పెట్టిన కాగితం కూడా ఇచ్చాడు.

డిటెక్టివ్ నెట్‌లో చూశాడు. మూడు వందల ముప్పై ఐదు మైళ్లు. డెబ్బై నిమిషాలు. లెక్క సరిపోయిందన్నాడు.

లెక్క!

పదకొండేళ్లుగా ఆమె పిల్లలకి చెబుతున్నది లెక్కలే.

"నెట్‌లో ఉన్నది జెట్ స్పీడ్‌కి కట్టిన టైమ్ సార్."

"మీ బాధ నాకర్థమైంది, మేడమ్."

ఎవరికీ అర్థం కాలేదు.

లైన్ కట్ చేయవద్దని బతిమాలింది. ఫోన్ కోటు జేబులో పెట్టుకుని పరిగెత్తింది.

రేకుల షెడ్. తలుపు తోసింది.

శ్రీకాంత్ బ్యాగుతో సహా తూకం మిషన్ మీద నిలబడి ఉన్నాడు. ఈ చిన్న విమానాలకి సెక్యూరిటీ చెక్ ఉండదు. మనిషి బరువు చూస్తారు, అంతే. పక్కన, ఆ కాగితం మీద సంతకం పెట్టిన పైలటే అంకె రాసుకుంటున్నాడు.

"అక్కా... ఇంటికెళ్లు. తిండీ నిద్రా లేకుండా ఏమైపోతావ్?"

ఆమె శ్రీకాంత్ వైపు చూడలేదు. పైలట్‌ని అడిగింది.

"కాట్‌జెబ్యూకి ఎంతసేపు?"

"రెండున్నర గంటలు. ఎదురుగాలి ఉంటే మూడు."

శ్రీకాంత్ తల ఎత్తాడు.

"డెబ్బై నిమిషాల్లో ఎప్పుడైనా వెళ్లారా?"

పైలట్ నవ్వాడు. "ఈ డొక్కులోనా? జెట్ కొనివ్వండి, వెళ్తాను."

ఆమె ఫోన్ బయటికి తీసింది.

అందులోంచి డిటెక్టివ్ గొంతు... ఈసారి మెల్లగా.

"మరి మంగళవారం కాగితంలో డెబ్బై అని సంతకం పెట్టారేం?"

పైలట్ నవ్వు ఆగిపోయింది.

"అతనే టైప్ చేసి తెచ్చాడు. ఆఫీస్ ఫార్మాలిటీ అన్నాడు. నేను చదవలేదు... ఆ రోజు నేనసలు ఎగరనే లేదు."

శ్రీకాంత్ చెయ్యి కోటులోకి వెళ్లింది.

తూకం మిషన్ మీద ముల్లు వణికింది.

ఢాం!

పైలట్ కూలిపోయాడు.

తుపాకీ ఆమె వైపు తిరిగింది.

"ఫోన్ ఇవ్వు అక్కా. ఇప్పుడు సాక్షి లేడు."

ఆమె ఇవ్వలేదు. పైకెత్తి పట్టుకుంది.

"సార్, విన్నారా?"

"విన్నాను, మేడమ్. లైన్ కట్ చేయవద్దని మీరన్నప్పుడే అక్కడి పోలీసుల్ని పంపాను."

వెనక రేకుల తలుపు దడేల్మంది... బారో పోలీసులు!